షుగరు వచ్చింది... ఇప్పుడేం చెయ్యాలి?

నిజామాబాద్ జిల్లాలో ఒక ఊరు. ఆ ఊళ్లో చాలా ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. వాళ్లలో ఒకామెకు 48 ఏళ్లు. పొద్దున చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పొద్దుగూకేదాకా లేవదు. వెయ్యి బీడీల లెక్కన కూలి. లేస్తే లెక్క తగ్గుతుంది.

కొంతకాలంగా ఆమెకు ఒకటే దాహం. రాత్రి నాలుగైదుసార్లు ఒంటికి లేస్తుంది. మనిషి చిక్కిపోయింది. కాలికి తగిలిన చిన్న దెబ్బ నెలైనా మానలేదు. "ఎండలకు ఇట్లనే ఉంటది" అని ఊరుకుంది. కోడలు ఊరుకోలేదు. "నడువు అత్తమ్మా, చూపించుకుందాం" అని దవాఖానకు తీసుకుపోయింది.

పరగడుపున రక్తం తీశారు. చీటీ మీద 210 అని రాసిచ్చారు. ఆమె రాత్రి బడిలో అంకెలు నేర్చుకుంది. రెండు వందల పది అని చదివింది. కానీ అది మంచిదో చెడ్డదో తెలియలేదు. ఇంకోరోజు మళ్లీ పరీక్ష చేశారు. "పెద్దమ్మా, నీకు షుగరు ఉంది" అని నర్సమ్మ చెప్పింది.

ఆమెకు ఏడుపొచ్చింది. వాళ్ల వాడలో ఒకాయనకు షుగరు వల్లనే కాలి వేళ్లు తీసేశారు. "ఇగ నా పని అయిపోయింది" అంది.

నిజంగా అయిపోయిందా? చూద్దాం.

షుగరు జబ్బు అంటే ఏమిటి?

మనం తిన్న అన్నం, రొట్టె కడుపులో అరిగి చక్కెరగా మారతాయి. ఆ చక్కెర రక్తంలో కలుస్తుంది. ఒంటికి బలం ఇచ్చేది అదే. కానీ అది రక్తంలోంచి కండల్లోకి పోవాలి. దారి తెరిచేది ఇన్సులిన్. అది కడుపు వెనక ఉండే క్లోమ గ్రంథిలో తయారవుతుంది.

కాలువ నిండా నీళ్లున్నాయి. మడికి గండి తెరవలేదు. అప్పుడేమవుతుంది? కాలువ పొంగుతుంది, మడి ఎండుతుంది. షుగరు జబ్బూ అంతే. ఇన్సులిన్ చాలకపోయినా, సరిగా పని చేయకపోయినా చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. ఒంటికి అందదు. అందుకే తిన్నా నీరసంగా ఉంటుంది.

ఇది ఒక్కరిద్దరి జబ్బు కాదు. 2023లో అచ్చయిన ఒక పెద్ద సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగరు ఉంది. చాలామందికి మొదట ఏ బాధా ఉండదు. అందుకే 30 ఏళ్లు దాటిన ప్రతివారూ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్షకు డబ్బులు తీసుకోరు.

చీటీ మీద అంకె చదువుదాం

పరగడుపున చేసిన పరీక్షలో 100 కంటే తక్కువ ఉంటే మంచిదే. 100 నుంచి 125 దాకా ఉంటే షుగరు వచ్చే సూచన. 126, ఆపైన ఉంటే షుగరు ఉన్నట్టు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఇంకొకటి ఉంది. అందులో 6.5, ఆపైన ఉంటే షుగరు. చీటీలు పారేయకండి. ఒక నోటు పుస్తకంలో తారీకు, అంకె రాసుకోండి. పెరుగుతున్నదా తగ్గుతున్నదా మీకే తెలుస్తుంది.

పళ్లెం ఎట్లా మారాలి?

ఆమె ఇంట్లో అందరికీ వడ్డించి చివరికి తినేది. అప్పటికి కూర అయిపోయేది. పళ్లెం నిండా అన్నం, పచ్చిపులుసు, కొంచెం తొక్కు. అంతే. చాలా ఇళ్లలో ఆడవాళ్ల తిండి ఇదే. షుగరు ఉన్నవాళ్లకు ఈ తిండి చెడుపు.

అన్నం పూర్తిగా మానక్కర్లేదు. కొలత మార్చాలి. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు పెట్టుకోవాలి. పావు భాగం పప్పు, గుడ్డు, చేపల్లాంటివి. మిగతా పావు భాగమే అన్నం గానీ జొన్నరొట్టె గానీ. రొట్టె అయితే ఎంతైనా తినొచ్చని కొందరు అనుకుంటారు. అది తప్పు. రొట్టె కూడా చక్కెరగానే మారుతుంది. పలచటి రాగిజావ తొందరగా అరిగి షుగరును పెంచుతుంది. జావ కన్నా రొట్టె నయం.

బెల్లం, తేనె కూడా చక్కెరతో సమానమే. పండ్ల రసం వద్దు, పండు కొరికి తినాలి. జామకాయ మంచిది. మామిడి, అరటి, సపోటా కొద్దిగానే తినాలి. పూట మానొద్దు. వేళకు తినాలి.

కోడలు ఇంట్లో ఒక మాట చెప్పింది. "ఇయ్యాల్టి నుంచి కూర ఎక్కువ వండుత. అత్తమ్మ మనతోనే కూర్చొని తింటది." కొడుకు సరేనన్నాడు. ఆ తిండి ఇంటిల్లిపాదికీ మంచిదే.

ఒక చిన్న లెక్క

ఆమె రోజుకు నాలుగు చాయలు తాగేది. ఒక్కో దాంట్లో రెండు చెంచాల చక్కెర. ఒక చెంచా అంటే సుమారు 5 గ్రాములు.

రోజుకు: 4 × 2 = 8 చెంచాలు, అంటే 40 గ్రాములు.
నెలకు: 40 × 30 = 1,200 గ్రాములు.

అంటే కిలో మీద 200 గ్రాముల చక్కెర! లెక్క చూసి ఆమే ఆశ్చర్యపోయింది. మీ చాయ లెక్క మీరూ వేసుకోండి.

నడక కూడా మందే

కండలు కదిలితే రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. కలుపు తీసేవాళ్లకు, మట్టి మోసేవాళ్లకు పని రోజుల్లో ఆ కదలిక ఉంటుంది. బీడీలు చుట్టేవాళ్లకు, కుట్టు పనివాళ్లకు, దుకాణంలో కూర్చునేవాళ్లకు ఉండదు. వాళ్లు రోజుకు 30 నిమిషాలు, వారానికి కనీసం 5 రోజులు చురుగ్గా నడవాలి. ఒక్కసారే కుదరకపోతే తిన్న తర్వాత 10 నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా సరే. మధ్య మధ్య లేచి నాలుగడుగులు వెయ్యాలి. చెప్పులు లేకుండా నడవొద్దు.

మాత్రలు సొంతంగా మానొద్దు

ఆమెకు డాక్టరు మాత్రలు రాశారు. పది రోజులకు ఊళ్లోకి ఒకాయన వచ్చి పొడి అమ్మాడు. "ఇది తిను, మాత్రలు బంద్ చెయ్" అన్నాడు. ఆమె 300 రూపాయలు చేతిలో పట్టుకుంది. కోడలు ఆపింది. "ముందు డాక్టరును అడుగుదాం అత్తమ్మా" అంది. డాక్టరు వద్దన్నారు. కొందరికి తిండి, నడకతోనే షుగరు అదుపులోకి వస్తుంది. కొందరికి మాత్రలూ కావాలి. అది తేల్చాల్సింది పరీక్ష చూసిన డాక్టరు.

మందులు వాడేవాళ్లకు ఒక్కోసారి షుగరు బాగా పడిపోతుంది. చెమట, వణుకు, ఆకలి, కళ్లు తిరగడం దాని గుర్తులు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ తాగాలి. మనిషి తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు. వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి.

మూడు నెలల తర్వాత

ఆమె మళ్లీ పరీక్షకు పోయింది. పరగడుపున 132 వచ్చింది. చీటీ తనే చదివింది. జబ్బు పోలేదు, కానీ అదుపులోకి వస్తోంది. కాలి పుండు మానింది. ఇప్పుడు రోజూ సాయంత్రం చాట పక్కన పెట్టి చెరువు కట్ట దాకా నడిచి వస్తుంది. తోడుగా ఇంకో నలుగురు కూడా పోతున్నారు.

గుర్తుంచుకుందాం

• పళ్లెంలో సగం కూరలు, పావు పప్పు, పావు అన్నం.
• రోజూ అరగంట నడక.
• డాక్టరును అడగకుండా మందు మానొద్దు.
• రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి. పుండు ఉంటే వెంటనే చూపించాలి.
• ఏడాదికొకసారి కళ్లు, మూత్రపిండాల పరీక్ష చేయించుకోవాలి.
• బీడీ, చుట్ట, సారా మానాలి.

ఆలోచించండి

1. మీ ఇంట్లో చివరికి తినేదెవరు? వాళ్ల పళ్లెంలో ఏముంటుంది?
2. మీ ఇంట్లో నెలకు ఎంత చక్కెర వాడుతున్నారు? లెక్క రాయండి.
3. మీ ఊళ్లో షుగరు పరీక్ష ఎక్కడ, ఏ రోజు చేస్తారు? ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోండి.