అచ్చులో పెరిగే దీపం, కుర్చీ

పుట్టగొడుగులో నేల మీద కనిపించే గొడుగు బీజాలు వెదజల్లే భాగం మాత్రమే. అసలు శిలీంధ్రం మట్టిలోనో, మానులోనో, కుళ్ళుతున్న గడ్డిలోనో సన్నని తెల్లటి పోగుల అల్లికగా పరుచుకుని ఉంటుంది. ఈ అల్లికే మైసీలియం. ఒక్కో పోగు తలవెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. పోగుల కొసల్లో ఊరే ఎంజైములు గడ్డిలోని, చెక్కలోని సెల్యులోజ్ లాంటి పదార్థాలను విడగొడతాయి. ఆ ఆహారంతో పోగులు ముందుకు సాగి, కొమ్మలు వేసి, ఎదురైన తునకనల్లా చుట్టుకుంటాయి. పోగుల గోడల్లో కైటిన్ ఉంటుంది. రొయ్య పెంకుకు గట్టిదనాన్నిచ్చేది కూడా ఇదే. విడివిడిగా ఉన్న పొట్టును, ఊకను ఏ జిగురూ కలపకుండానే ఒక్క ముద్దగా బిగించే శక్తి మైసీలియానికి ఇలా వస్తుంది.

ఈ శక్తిని వస్తువుల తయారీకి వాడుకోవాలని ప్రయత్నించిన తొలితరం వారిలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన కళాకారుడు ఫిలిప్ రాస్ ఒకరు. 1990లలోనే ఆయన రీషీ అనే శిలీంధ్రంతో శిల్పాలు పెంచడం మొదలుపెట్టారు. 2009లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో జరిగిన ప్రదర్శనలో శిలీంధ్రపు ఇటుకలు పేర్చి ఒక చిన్న కమాను కట్టారు. ఎండాక ఆ ఇటుకలు గట్టిపడి రంపాలు మొద్దుబారేంత మొండిగా తయారయ్యేవి. ఆయన కుర్చీలు, పీటలు కూడా పెంచారు.

దీన్ని పరిశ్రమగా మలిచింది ఇద్దరు విద్యార్థులు. వెర్మాంట్ రాష్ట్రంలోని పల్లెలో పెరిగిన ఎబెన్ బేయర్, చెక్కపేళ్ళను తెల్లటి బూజు పట్టి ఉంచడం చిన్నప్పుడే చూశారు. న్యూయార్క్ రాష్ట్రం ట్రాయ్‌లోని రెన్సెలేర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుతుండగా, సహవిద్యార్థి గావిన్ మెకింటైర్‌తో కలిసి ఆ బూజుతో ఇళ్ళ గోడలకు వేడి తగలకుండా అడ్డుపెట్టే పలకలు చేయవచ్చని తేల్చారు. 2007లో ఇద్దరూ ఎకోవేటివ్ అనే సంస్థను స్థాపించారు. మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన పిక్నిక్ గ్రీన్ ఛాలెంజ్ పోటీలో 5 లక్షల యూరోల బహుమతి గెలుచుకున్నారు. సంస్థకు తొలి పెద్ద గిరాకీ మాత్రం గోడపలకలకు కాక ప్యాకింగ్‌కు వచ్చింది. కంప్యూటర్లు తయారుచేసే డెల్ సంస్థ తన సర్వర్లను పంపేటప్పుడు థర్మాకోల్ బదులు ఈ అచ్చుముద్దలను వాడింది.

తయారీ పద్ధతి చాలావరకు పుట్టగొడుగుల సాగును పోలి ఉంటుంది. హెంప్ (గంజాయి జాతి నార మొక్క) కాడల్నో, మొక్కజొన్న చొప్పనో చిన్న ముక్కలుగా నరికి, తడిపి, వేడిచేస్తారు. దీంతో అందులోని ఇతర బూజులు, బాక్టీరియా చాలావరకు నశిస్తాయి. చల్లారాక అందులో స్పాన్ (పుట్టగొడుగుల విత్తనం) కలిపి, కావలసిన ఆకారంలో ఉన్న అచ్చులో కూరుతారు. సుమారు 25 డిగ్రీల వెచ్చదనం, గాలిలో తేమ, చీకటి ఉంటే వారం లోపే అచ్చంతా తెల్లబడుతుంది. తర్వాత అచ్చు తీసి మరో రెండు మూడు రోజులు వదిలేస్తే పైన మఖమల్ లాంటి పొర కడుతుంది.

నేర్పంతా సరైన సమయంలో పెరుగుదలను ఆపడంలోనే ఉంది. తొందరగా ఆపితే పోగులు సరిగ్గా అల్లుకోక అంచులు రాలిపోతాయి. ఆలస్యం చేస్తే శిలీంధ్రం తాను పట్టి ఉంచిన గడ్డినే తినేసి వస్తువును బలహీనపరుస్తుంది, పైగా గొడుగులు వేసి బీజాలు చిమ్ముతుంది. అందుకే గదిలో కార్బన్ డయాక్సైడ్ పెంచి గొడుగులు రాకుండా చూస్తారు. చివరికి ఓవెన్‌లో ఆరబెడితే తేమ పోయి శిలీంధ్రం చనిపోతుంది. ఇంటికి చేరేది ఇక పెరగని వస్తువు. దాన్ని కోసి చూస్తే పైన తెల్లటి తోలు, లోపల గోధుమరంగు తునకలు, వాటి మధ్య తెల్లటి నూలు అల్లిక కనిపిస్తాయి. ఒకే అచ్చులో పెరిగినా ఏ రెండు వస్తువుల మీదా మచ్చలు ఒకేలా ఉండవు.

ఈ పదార్థం దీపాలకు బాగా అమరింది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కు చెందిన డిజైనర్ డానియెల్ ట్రోఫీ మష్‌లూమ్ పేరుతో వేలాడే షేడ్లు పెంచారు. షేడ్ గోడ మందంగా ఉండి కాంతిని బయటికి పోనివ్వదు కాబట్టి వెలుగంతా కిందికే పడుతుంది. ఎల్ఈడీ బల్బులు పాత ఫిలమెంటు బల్బుల్లా వేడెక్కవు కాబట్టి షేడ్‌కు ముప్పు తక్కువ. డెన్మార్క్ డిజైనర్ యోనాస్ ఎద్వార్ద్ 2013లో చేసిన మిక్స్ దీపంలో హెంప్ నారపై ముత్యపు చిప్ప పుట్టగొడుగులను పెంచారు. ముందు పుట్టగొడుగులను కోసి వండుకోవచ్చు, మిగిలిన దాన్ని ఆరబెట్టి షేడ్ చేయవచ్చు.

కుర్చీ అంత సులువు కాదు. మైసీలియం ముద్ద నొక్కుడును బాగానే తట్టుకుంటుంది. వంచితే, లాగితే మాత్రం విరుగుతుంది. మరమేకులకు పట్టు దొరకదు. నెదర్లాండ్స్ డిజైనర్ ఎరిక్ క్లారెన్‌బీక్ 2013లో ఐండ్‌హోవెన్‌లో ప్రదర్శించిన మైసీలియం కుర్చీకి త్రీడీ ప్రింటర్‌తో అచ్చువేసిన బయోప్లాస్టిక్ తొడుగు తోడైంది. తొడుగు లోపల గడ్డిలో శిలీంధ్రం పెరిగి గట్టిపడుతుంది. అంచుల నుంచి బయటికి మొలిచిన పుట్టగొడుగులను ఆయన అలంకారంగా ఉంచేశారు. బ్రిటన్‌లో సెబాస్టియన్ కాక్స్, నినెలా ఇవనోవా 2017లో మరో దారి పట్టారు. సన్నని చెక్క చట్రాల మీద శిలీంధ్రాన్ని పెంచి పీటలు, దీపాలు చేశారు. అక్కడ బరువు మోసేది చెక్క, నిండుదనం ఇచ్చేది మైసీలియం.

పెద్ద కట్టడంలోనూ ఇదే పాఠం: ఇటుకలుగా పేర్చితే నొక్కుడు మీద నిలుస్తుంది, లేకుంటే చెక్క ఆసరా కావాలి. 2014లో న్యూయార్క్‌లోని మోమా పీఎస్1 కళాప్రదర్శనశాల ఆవరణలో సుమారు 10,000 మైసీలియం ఇటుకలతో హై-ఫై అనే గోపురం లేచింది. దాదాపు 12 మీటర్ల ఎత్తున్న అది వేసవి అంతా నిలిచింది. తర్వాత దాన్ని విప్పి ఇటుకలను ఎరువుగా మార్చారు. భారతదేశంలో 2016లో కొచ్చిలో షెల్ మైసీలియం అనే మండపం కట్టినప్పుడు, చెక్క చట్రం మీద కొబ్బరిపీచు పొట్టులో శిలీంధ్రాన్ని పెంచారు.

ఈ పదార్థానికి పెద్ద శత్రువు నీరు. పైపొర కొంతవరకు తడిని అడ్డుకున్నా, లోపలి గడ్డి నీటిని పీల్చి ఉబ్బుతుంది, కొత్త బూజు పడుతుంది. స్నానాల గదికి, వానలో తడిచే అరుగుకు ఇది పనికిరాదు. మరోపక్క, వాడకం అయ్యాక ముక్కలు చేసి పెంటపోగులో వేస్తే మట్టిలో కలిసిపోతుంది. థర్మాకోల్ ఆ పని చేయలేదు.

తెలుగు రాష్ట్రాల్లో వరిగడ్డికి కొరత లేదు. దాని మీద ముత్యపు చిప్ప పుట్టగొడుగుల సాగు రైతులకు తెలిసినదే. రీషీ చేరిన గానోడెర్మా జాతి గోదావరి జిల్లాల్లో కొబ్బరి రైతుకు తెగులుగా పరిచయం. గడ్డి, స్పాన్, సాగు నేర్పు చేతిలో ఉన్నవే. కావలసింది అచ్చు, శుభ్రత, ఆరబెట్టే ఏర్పాటు. అయితే దేనితో మొదలుపెట్టాలన్న దానికి ఇప్పటివరకూ జరిగిన ప్రయోగాలు ఒకే జవాబు ఇస్తున్నాయి. ప్యాకింగ్, లాంప్‌షేడ్, శబ్దాన్ని పీల్చే గోడపలక వంటి తేలిక పనుల్లో మైసీలియం నిలబడింది. మనిషి బరువు మోసే కుర్చీలో దానికి ఇంకా చెక్కో, తొడుగో తోడు కావాలి.