మోకాలు మొరాయిస్తే ఆట మానెయ్యాలా?

"ఈ వయసులో ఆటలేటమ్మా?"

ఈ మాట మీరెప్పుడైనా విన్నారా? నేను చాలాసార్లు విన్నాను. మా అత్తగారి నోట, పక్కింటి పిన్నిగారి నోట, ఆఖరికి కాలేజీకెళ్ళే మా అబ్బాయి నోట కూడా!

మాది విజయనగరం. స్కూల్లో ఖోఖో బాగా ఆడేదాన్ని. పెళ్ళయ్యాక ఇరవై ఏళ్ళు ఆట మాటే మరచిపోయాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మా వీధిలో నలుగురం ఆడవాళ్ళం కలిసి ఖాళీ స్థలంలో నెట్ కట్టుకుని సాయంత్రాలు షటిల్ ఆడడం మొదలుపెట్టాం. రోజు మొత్తంలో నాదంటూ ఉండేది ఆ ముప్పావుగంటే.

నాకు నలభై ఆరేళ్ళప్పుడు ఒకరోజు వెనక్కి పరుగెత్తి షాట్ కొట్టబోతే కుడి మోకాలు మెలికపడింది. కాళ్ళకున్నవి హవాయి చెప్పులు! ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆట మానిపించేస్తారని భయం. వేడి నూనె పెట్టి గట్టిగా మర్దనా చేసుకుని, మర్నాడు మళ్ళీ ఆటకి వెళ్ళాను. అలా రెండు వారాలు దాచాను. చివరికి ఒకరోజు డాబా మీంచి బట్టల బకెట్‌తో దిగుతుంటే మోకాలు పట్టు తప్పి మెట్ల మీద పడిపోయాను. అప్పుడు బయటపడింది సంగతి. మావారు ఒకటే అన్నారు - "ఆడినందుకు కాదు, దాచినందుకు కోపంగా ఉంది."

లిగమెంటు సాగిందనీ, ఆపరేషన్ అక్కర్లేదనీ డాక్టరుగారు చెప్పారు. ఆరువారాలు ఆట బంద్. వ్యాయామాలు నేర్పిన ఫిజియోథెరపిస్టు అమ్మాయిని బెరుగ్గా అడిగాను, "ఇంక ఆడకూడదా?" అని. "ఆడొచ్చమ్మా. కానీ స్కూల్లో ఆడినట్టు కాదు" అంది. నాకు కావలసిన మాట అదే.

నలభై దాటాక కండబలం మెల్లగా తగ్గుతుంది. నెలసరి ఆగిపోయే రోజుల్లో ఈస్ట్రోజన్ తగ్గి ఎముకలూ పలచబడతాయి. దెబ్బ తగిలితే మానడానికి ఎక్కువ రోజులు పడుతుంది. మనసుకి మాత్రం ఇవేవీ తెలియవు, పదహారేళ్ళ లెక్కలోనే ఉరకమంటుంది. దెబ్బలు తగిలేది అక్కడే.

మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరినే చూడండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 - మొత్తం 240 కిలోలెత్తి కంచుపతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. అంతటి మనిషి కూడా 2004 ఏథెన్స్‌లో పోటీ పూర్తిచేయలేక ఆ తర్వాత బరువులెత్తడం ఆపేసింది. అయితే ఆటని వదిలిందా? లేదు. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్‌ఛాన్సలర్ అయింది. వయసు ఆటని మార్చుకోమంటుంది, అంతే.

మరి దెబ్బ తగిలితే ఏం చెయ్యాలి? వెంటనే ఆట ఆపండి. ఐసు ముక్కలు తువ్వాలులో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి. క్రేప్ బ్యాండేజీ మరీ బిగించకుండా చుట్టి, కాలు దిండుమీద ఎత్తుగా ఉంచండి. మొదటి రెండు రోజులూ వేడి కాపడం, నూనె మర్దనా వద్దు. నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. కాలు మోపలేకపోయినా, వాపు ఎక్కువగా ఉన్నా, మోకాలు పట్టేసినా, పట్టు తప్పుతున్నా డాక్టరుగారి దగ్గరకి వెళ్ళాల్సిందే.

నొప్పి తగ్గాక నేను రోజూ చేసే వ్యాయామాలు రెండే. కాలు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, తొడ కండ బిగించి దాన్ని కిందకి నొక్కాలి. అయిదు లెక్కపెట్టి వదలాలి. ఇలా పదిసార్లు. రెండోది, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి, నెమ్మదిగా కూర్చోవడం. ఇదీ పదిసార్లే. తొడ కండకి బలమొస్తే మోకాలి మీద భారం తగ్గుతుంది.

తిండికి డబ్బాల పొడులు కొనక్కర్లేదు. మన చోళ్ళు ఉండనే ఉన్నాయి. వంద గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పొద్దున్న చోడి అంబలి, భోజనంలో పెరుగు, అప్పుడప్పుడు నువ్వుండ. కండకి పప్పు, గుడ్డు, చేప - ఏది అలవాటుంటే అది.

ఇప్పుడు మళ్ళీ ఆడుతున్నాను. ముందు పది నిమిషాలు నడక, కీళ్ళు కదిలించడం. కాళ్ళకి షూస్. రోజు విడిచి రోజు ఇరవై నిమిషాలు, అదీ ఇద్దరిద్దరం జట్టుగా. మిగతా రోజుల్లో నడక. అందని షటిల్ వదిలేస్తాను. అన్నిటికంటే కష్టపడి నేర్చుకున్నది అదే!

పంజాబీ అవ్వ మన్ కౌర్ పరుగు మొదలుపెట్టిందే 93వ ఏట. 101 ఏళ్ళ వయసులో, 2017లో, ఆక్లాండ్‌లో వంద మీటర్లు పరుగెత్తి బంగారు పతకం తెచ్చుకుంది. ఆవిడ ముందు మనమెంత, చిన్నపిల్లలం కదూ!

మా అత్తగారు ఈమధ్య నా పక్కనే కుర్చీ వేసుకుని లేచి కూర్చోవడం మొదలుపెట్టారు. "నా మోకాళ్ళ కోసమే, నీ ఆట కోసం కాదు" అంటున్నారు. మీకు కూడా ఎక్కడైనా నొప్పి ఉంటే, ఈ రాత్రికే ఇంట్లో చెప్పెయ్యండి. దాచిపెడితేనే ఆట ఆగిపోయేది.