శిఖండి వృత్తాంతం – లోకభయం, ఆత్మసంఘర్షణ

ప్రస్తావన

తెలుగు వాడుకలో 'శిఖండి' అన్న పేరు నిందావాచకంగా స్థిరపడి చాలకాలమైనది. ఒకని చాటున నిలిచి మరొకడు యుద్ధం చేసినప్పుడు ఆ ముందు నిలిచినవాడు శిఖండి అన్నది ఒక అర్థం. ఆడుదనమో మగతనమో తేలని నడవడి గలవాడని ఎగతాళి చేయడం రెండవ అర్థం. శబ్దాన్ని పరిశీలిస్తే ఈ నిందకు ఎట్టి ఆస్కారమూ కన్పించదు. శిఖండమనగా నెమలిపింఛం, శిఖ అని కూడ అర్థం. అది గలది శిఖండి, అనగా మయూరం. ఇంత అందమైన పేరు తిట్టుగా మారడానికి కారణం శబ్దంలో లేదు, కథను లోకం గ్రహించిన తీరులో ఉన్నది.

తడ మొదలు కుప్పం వరకు తమిళసీమ సరిహద్దున గల పల్లెలకు భారతం కేవలం గ్రంథస్థమైన కథ కాదు. ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాలలో జరిగే భారత మహోత్సవాలలో పగలు హరికథగా, రాత్రి వీధినాటకంగా అది ప్రజల చెవిన పడుతున్నది. తడ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరకముందు నెల్లూరు జిల్లాలోనిది. విరాటపర్వం మొదలు పదునైదు పర్వాలను తెనిగించిన తిక్కన సోమయాజి మనుమసిద్ధి మంత్రిగా వెలసినది ఆ నెల్లూరిలోనే. అట్టి సీమలో సైతం ఉద్యోగపర్వంలోని శిఖండి కంటె తిట్టులోని శిఖండియే ఎక్కువమందికి పరిచితుడు. మూలకథను అనుసరించి ఆ పాత్ర అనుభవించిన సంఘర్షణను వివరించడం, స్వలింగానురక్తులను గురించిన ఆధునిక కథలతో దానికి గల పోలికను నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిధి

ఇక్కడ ఒక విషయం ముందుగా స్పష్టం చేయవలసి ఉన్నది. శిఖండి స్వలింగానురాగం గల పాత్ర అని వ్యాసభారతం ఎక్కడా చెప్పలేదు. శిఖండి హృదయంలో ఎవరిపై అనురాగం ఉన్నదో కవి చెప్పనేలేదు. స్త్రీగా పుట్టి, పురుషునిగా పెరిగి, స్త్రీని వివాహమాడి, పిదప పురుషుడైన పాత్ర అది. నేటి పరిభాషలో లింగభావం వేరు, అనురాగం వేరు. ఈ రెంటినీ కలిపివేయడం శాస్త్రసమ్మతం కాదు. అయినను, ఉన్న స్థితిని దాచవలసి రావడం, వివాహం అనివార్యం కావడం, రహస్యం బయటపడడం, కులగౌరవం పేర దండన ముంచుకొని రావడం, తానే దోషినని భావించి ప్రాణత్యాగానికి పూనుకొనడం అన్న అయిదు దశలు ఈ కథలోను, స్వలింగానురక్తుల కథలలోను సమానంగా కన్పిస్తున్నవి. పోలిక ఈ దశలకు సంబంధించినది మాత్రమే.

కథాసంగ్రహం

శిఖండిని తాను ఎందుకు చంపడో చెప్పుమని దుర్యోధనుడు అడుగగా భీష్ముడు ఈ కథ చెప్పినాడు. భీష్ముని వలన బ్రతుకు చెడిన అంబ అగ్నిప్రవేశం చేసి ద్రుపదుని పట్టమహిషికి కుమార్తెగా జన్మించింది. కొడుకు కావలెనని తపస్సు చేసిన ద్రుపదునికి, తొలుత స్త్రీయై పిదప పురుషుడయ్యే సంతానం కలుగగలదని శివుడు వరమిచ్చి ఉన్నాడు. పుట్టినది ఆడుబిడ్డ. రాణి మగబిడ్డ అని ప్రకటించింది. ద్రుపదుడు పుత్రునికి చేయదగిన సంస్కారాలన్నింటిని జరిపించినాడు. ఆ బిడ్డ చిత్రలేఖనం, శిల్పం అభ్యసించింది. ద్రోణుని వద్ద అస్త్రవిద్య నేర్చింది. యౌవనం రాగా తల్లిదండ్రులు శివుని మాటపై భారం వేసి దశార్ణదేశాధిపతి హిరణ్యవర్మ కుమార్తెనిచ్చి వివాహం చేసినారు.

కొంతకాలానికి తన భర్త స్త్రీ అని ఆ వధువు గ్రహించి, సిగ్గుపడుతూ దాదులకు, చెలులకు చెప్పింది. వార్త దశార్ణానికి చేరింది. హిరణ్యవర్మ దూతను పంపి, ద్రుపదుని సబాంధవంగా నాశనం చేసెదనని హెచ్చరించినాడు. తన మూలంగా తల్లిదండ్రులకు కలిగిన దుఃఖాన్ని చూచిన శిఖండిని ప్రాణాలు విడువ నిశ్చయించి, స్థూణాకర్ణుడనే యక్షుడు రక్షించే నిర్జనారణ్యం చేరి నిరాహారయై శరీరాన్ని శుష్కింపజేసుకొన్నది. యక్షుడు ప్రత్యక్షమై, గడువు వరకు తన పురుషత్వాన్ని ఆమెకిచ్చి ఆమె స్త్రీత్వాన్ని తాను ధరించినాడు. హిరణ్యవర్మ కొందరు స్త్రీలను పంపి పరీక్ష చేయించి, సంతుష్టుడై మరలిపోయినాడు. కుబేరుడు సంగతి తెలిసి స్థూణుని స్త్రీగానే ఉండుమని శపించి, యక్షులు వేడుకొనగా శిఖండి మరణానంతరం శాపం తీరునని అనుగ్రహించినాడు.

బాహ్యసంఘర్షణ

ఈ కథలో అసత్యం పలికినది శిఖండిని కాదు. పుట్టిన క్షణాన రాణి పలికినది, రాజు సంస్కారాలతో దానిని దృఢపరచినాడు. బిడ్డకు ఊహ తెలిసేనాటికే ఆ అసత్యం ఆమె బ్రతుకైపోయినది. దూత వచ్చి నిలదీసినప్పుడు ద్రుపదుడు పట్టుబడిన దొంగవలె మాటరాక నిలిచినాడని మూలం. తరువాత అతడు చేసిన పని మరింత పరిశీలింపదగినది. సర్వమూ తెలిసియు, తనకేమీ తెలియనట్లు నలుగురి ఎదుట రాణిని ప్రశ్నించినాడు. సవతుల భయం చేత కుమార్తెను కుమారుడని చెప్పితినని రాణి ఒప్పుకొన్నది. నింద రాజు మీదినుండి రాణి మీదికి జరిగినది. అక్కడినుండి దానిని తన మీద వేసుకొన్నది బిడ్డ. కుటుంబగౌరవానికి ఆపద వచ్చినప్పుడు దోషం పెద్దల నుండి పిన్నల మీదికి జారే విధాన్ని కవి ఒక్క ఘట్టంలో చూపినాడు.

దశార్ణ రాజకుమారి సంగతి వ్యాఖ్యాతలు సాధారణంగా ప్రస్తావింపరు. మూలంలో ఆమెకు పేరు కూడ లేదు. ఆమె వివాహం ఆమె సమ్మతి మీద జరుగలేదు. ఆమె పలికినది సత్యం. పరీక్షానంతరం అల్లునికి ఏనుగులు, గుర్రాలు, ధనం లభించగా, ప్రచలిత పాఠాన్ని బట్టి కూతురికి దక్కినది తండ్రి మందలింపు. ఇద్దరు స్త్రీలలో ఒకతె అరణ్యంలో మరణాన్ని కోరింది. మరొకతె నిజం చెప్పి నిందపడింది. దాపరికం మీద నిలిచిన వివాహం ఇరువురినీ బాధించిందన్న అంశం ఈ ఉపాఖ్యానంలో మరుగునపడి ఉన్న సారం.

మరొక విశేషం గూఢచారులు. జడులుగా, అంధులుగా, బధిరులుగా నటించే చారులను తాను ద్రుపదుని ఇంట నియోగించితినని భీష్ముడే చెప్పినాడు. తల్లిదండ్రులు తమకు తప్ప అన్యులకు తెలియదనుకొన్న రహస్యం శత్రువుకు మొదటినుండి తెలుసు. దాచుకొనేవారికి లోకమంతా కన్నులై తోచడం మానసికానుభవం. ఇక్కడ అది వాస్తవం కూడ అయినది.

ఆంతరసంఘర్షణ

శిఖండిని అడవికి పోయే ఘట్టంలో కవి ఆమె చేత దైవాన్ని నిందింపజేయలేదు, తండ్రిని నిందింపజేయలేదు. నా కోసం వీరిరువురూ దుఃఖిస్తున్నారన్న ఆలోచన ఒక్కటే ఆమెను నడిపించింది. పరుల అసత్యానికి తాను ప్రాయశ్చిత్తం చేయబూనడం ఈ పాత్ర హృదయం. యక్షుడు వచ్చి, ఏ పని మీద వచ్చితివి, చెప్పుము, చేసిపెట్టెదనని అడిగినాడు. ఇది సాధ్యం కాదని శిఖండిని పదేపదే అన్నది. జన్మలో మొదటిసారిగా ఎవరో ఆమెను ఏమి కావలెనని అడిగినారు. ఆ ప్రశ్నకు ఆమె నమ్మలేకపోయింది. స్థూణుని సానుభూతికి ఇక్కడ వరం కంటె తక్కువ విలువ లేదు.

కార్యం ముగిసిన తరువాత శిఖండి, ఇచ్చిన మాట ప్రకారం పురుషత్వాన్ని మరల అప్పగించుటకు స్థూణుని వద్దకు వచ్చినాడు. రాకపోతే అడిగేవారు లేరు. యక్షుడు సంతోషించి, శాపవృత్తాంతం తెలిపి, ఇక స్వేచ్ఛగా పొమ్మన్నాడు. సత్యనిష్ఠకు సంబంధించిన ఈ ఘట్టాన్ని చదివినవారెవరూ ఆ పేరును పిరికితనానికి పర్యాయంగా వాడజాలరు. సైన్యగణన సందర్భంలో భీష్ముడు కూడ శిఖండిని పాండవ పక్షాన రథముఖ్యునిగా లెక్కించినాడు.

పరివర్తనం తరువాత

శరీరం మారినది, దశార్ణుని పరీక్ష నెగ్గినది. అయినను లోకం పూర్వస్థితిని మరువలేదు. స్త్రీపై, పూర్వం స్త్రీయైనవానిపై, స్త్రీనామం గలవానిపై, స్త్రీరూపం గలవానిపై బాణం వేయనని భీష్ముని వ్రతం. వ్రతంగా అది ఉన్నతమైనదే. కాని శిఖండి పక్షాన చూస్తే అది ఎన్నటికీ పూర్తిగా గుర్తింపని నిరాకరణ. పదవనాటి యుద్ధంలో నేలకొరిగే ముందు సైతం, తన్ను చీల్చుతున్నవి అర్జునుని బాణాలే కాని శిఖండివి కావని భీష్ముడు పలికినాడు. జన్మాంతర ప్రతిజ్ఞ నెరవేరిన క్షణాన కూడ ఆ కీర్తి శిఖండికి దక్కలేదు. సౌప్తికంలో అశ్వత్థామ ఖడ్గానికి అతని జీవితం ముగిసింది.

ఉపాఖ్యానాంతరాలు

భాగవతం నవమస్కంధంలోని సుద్యుమ్నుడు మాసం విడిచి మాసం పురుషుడై రాజ్యమేలినా ప్రజలు అతనిని అభినందింపలేదు. ఆనుశాసనికంలోని భంగాస్వనుడు స్త్రీత్వం పొంది, ఇంద్రుడు పురుషత్వం తిరిగి ఇచ్చెదనన్నా వలదని స్త్రీగానే ఉండగోరినాడు. ఒకచోట లోకుల అసమ్మతి, మరొకచోట స్వేచ్ఛావరణం. శిఖండి కథ ఈ రెంటి నడుమ నిలుస్తున్నది.

శాస్త్రదృష్టి

వాత్స్యాయనుడు కామసూత్రం రెండవ అధికరణంలో తృతీయాప్రకృతిని స్త్రీరూపిణి, పురుషరూపిణి అని రెండు విధాలుగా విభజించి, రెండవదానిని 'ప్రచ్ఛన్నకామ' అన్నాడు. పురుషరూపంలో ఉండి, పురుషునే కోరుతూ, కోరికను దాచి, అంగమర్దన వృత్తితో జీవించే వ్యక్తి అని భావం. ఆంతరసంఘర్షణ అంతా ఆ ఒక్క విశేషణంలో ఇమిడి ఉన్నది. మనుస్మృతి ఈ ఆచరణను ఆమోదింపలేదు, జాతిభ్రంశకరాలలో చేర్చింది. కాని 11వ అధ్యాయంలోనే మరొకచోట పురుషసంగమానికి ద్విజునికి విధించినది సచేలస్నానం. ఎద్దుబండిలోను, నీటిలోను, పగటివేళను స్త్రీసంగమానికి సైతం అదే ప్రాయశ్చిత్తం. 1860 నాటి భారత శిక్షాస్మృతి 377వ సెక్షను యావజ్జీవ శిక్ష వరకు విధించింది. శాస్త్రం మన్నించిందనడం అసత్యం. కాని నేటి తీవ్రద్వేషమంతా ప్రాచీన శాస్త్రం నుండే వచ్చిందనడం కూడ అసత్యమే.

ఆధునిక కథ

హిందీలో పాండేయ బేచన్ శర్మ 'ఉగ్ర' 'చాక్లెట్' కథలను 1927లో గ్రంథంగా ప్రకటించినాడు. ఖండనమే తన ఉద్దేశమని చెప్పుకొన్నా, విషయం అచ్చులోకి వచ్చినందుకే గొప్ప వివాదం చెలరేగింది. ఉర్దూలో ఇస్మత్ చుగ్తాయ్ 1942లో వ్రాసిన 'లిహాఫ్' అశ్లీలమన్న అభియోగంపై లాహోరు న్యాయస్థానానికి ఎక్కి, నిర్దోషమని తేలింది. ఆ కథలోని బేగం జాన్, స్త్రీలయందు ఆసక్తి లేని నవాబుకు పరువు కొరకు ఇల్లాలైన స్త్రీ. దశార్ణ రాజకుమారికి మూలభారతం ఇవ్వని గొంతు ఈమె ద్వారా వినబడుతున్నదని చెప్పవచ్చును. కన్నడంలో వసుధేంద్ర 2013లో వెలువరించిన 'మోహనస్వామి' కథలలో నాయకుని ప్రియుడు స్త్రీని పెండ్లాడి వెళ్లిపోతాడు. ఇక్కడ కూడ సంఘర్షణకు కేంద్రం వివాహమే. కల్పన కాకున్నా, రేవతి ఆత్మకథను పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెనిగించి, 2019 సంవత్సరపు సాహిత్య అకాదెమీ అనువాద పురస్కారం పొందడం తెలుగు పాఠకలోకంలో గణనీయమైన మార్పు.

ప్రాచీనకథకు, ఆధునిక కథకు ప్రధానభేదం పరిష్కారంలో ఉన్నది. ఇతిహాసంలో యక్షుడు వచ్చి శరీరాన్ని మార్చినాడు. సంఘం మారవలసిన అవసరం కలుగలేదు. ఆధునిక కథలో యక్షుడు రాడు. స్వలింగానురక్తుని స్వభావం మారదు, మారవలసిన వ్యాధి కూడ కాదు. కావున కథ సంఘం వైపు తిరిగి ప్రశ్నిస్తుంది. సర్వోన్నత న్యాయస్థానం 2014 ఏప్రిల్ 15న తృతీయలింగానికి గుర్తింపునిచ్చింది. 2018 సెప్టెంబరు 6న వయోజనుల పరస్పర సమ్మత సంబంధాలను 377వ సెక్షను నుండి తొలగించింది. 2023 అక్టోబరు 17న వివాహపు హక్కును మాత్రం అంగీకరింపలేదు. చట్టం దూరం చేసిన శిక్ష ఇంటిలోను, వీధిలోను ఇంకను మిగిలి ఉండడమే నేటి కథలకు వస్తువు.

ఉపసంహారం

ప్రాచ్యకళాశాలలలో ఉద్యోగపర్వం బోధించేటప్పుడు రాయబారఘట్టాలకు లభించే కాలం అంబోపాఖ్యానానికి లభించదు. లభించినా, శిఖండి పేరు రాగానే తరగతిలో నవ్వు పుట్టడం, బోధకుడు దానిని సహించడం అరుదు కాదు. ఆ నవ్వు విని తలవంచుకొనే విద్యార్థి ఆ వరుసలలోనే ఒకడు, లేదా ఒకతె, ఉండవచ్చును. వారి ముందు చెప్పదగిన కథ మూలంలోనే సిద్ధంగా ఉన్నది: పెద్దల అసత్యాన్ని మోసిన బిడ్డ, సత్యం చెప్పి మందలింపబడిన వధువు, ఏమి కావలెనని అడిగిన యక్షుడు, మాట నిలుపుకొనుటకు తిరిగివచ్చిన రథముఖ్యుడు. ఈ నాలుగు అంశాలను మూలానుసారంగా వివరించి, పిదప తిట్టుగా మారిన వాడుకను ఆ పాఠం ప్రక్కన నిలిపి చూపడం బోధకుల బాధ్యత. స్థూణాకర్ణుడు అడవిలో అడిగిన ప్రశ్నను ఇంటిలోనే తల్లిదండ్రులు అడిగి ఉంటే శిఖండినికి ఆ అడవికి పోవలసిన పని ఉండేది కాదు.