అర్జీ కళ్లెదుట, జవాబు పక్కన

పంజాగుట్ట నుంచి బేగంపేట వైపు వెళ్లే దారిలో ఉన్న ప్రజాభవన్‌లో 2023 డిసెంబరు 8న ప్రజాదర్బారుగా మొదలై, ఆ వెంటనే ప్రజావాణిగా పేరు మార్చుకొని మంగళ, శుక్రవారాల్లో జరిగేలా ఏర్పాటైన అర్జీల స్వీకరణ కార్యక్రమం, పరిపాలనలో ఏనాటి నుంచో ఉన్న ఒక ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది. జిల్లాల నుంచి వచ్చి, పంజాగుట్టలోనో అమీర్‌పేటలోనో దిగి, కౌంటరులో కాగితం ఇచ్చి, నమోదు సంఖ్య తీసుకొని వెళ్లిన అర్జీదారుకు జవాబు రాసేది ఆ కౌంటరు దగ్గరి సిబ్బంది కాదు. అర్జీ సంబంధిత శాఖకు, అక్కడి నుంచి జిల్లాకు, చివరికి ఏ తహసీల్దారు కార్యాలయంలోనో ఒక గుమస్తా బల్ల మీదికి చేరాకే జవాబుకు మొదటి అక్షరం పడుతుంది. ఆ అక్షరం పడే వేళ అతని ముందు అసలు అర్జీ ఉందా, లేక దాని గురించి మరెవరో నమోదు చేసిన ఒక్క పంక్తి సారాంశం మాత్రమే ఉందా అన్నదే ఆ ప్రశ్న.

సర్వే నంబరులో తప్పు సవరించాలని, పాసుపుస్తకం ఇప్పించాలని, హద్దులు కొలిపించాలని మూడు కోరికలతో వచ్చిన కాగితం దారిలో ఎక్కడో "భూ సమస్య" అన్న రెండు మాటలుగా కుదించుకుపోతే, జవాబు కూడా ఆ రెండు మాటలకు సరిపడేంతే వస్తుంది. అర్జీదారు మళ్లీ బస్సెక్కుతాడు.

పాత కాగితపు ఫైలు ఈ విషయంలో ఎంతో తెలివైన నిర్మాణం. మద్రాసు ప్రెసిడెన్సీలో రూపుదిద్దుకొని టాటెన్‌హామ్ పద్ధతిగా పేరుపడ్డ కార్యాలయ విధానంలో, తపాలులో వచ్చిన కాగితానికి కరెంటు నంబరు పడుతుంది, అంటే ఇంకా తేలని వ్యవహారంగా లెక్కకు ఎక్కుతుంది. ఆ నంబరు గుమస్తా నిర్వహించే పర్సనల్ రిజిస్టరులో చేరుతుంది. అక్కడి నుంచి ఫైలు రెండు భాగాలుగా నడుస్తుంది. అర్జీ, దాని జతపత్రాలు, వచ్చిన ఉత్తరాలు కరెంటు ఫైలులో ఉంటాయి. వాటిపై గుమస్తా మొదలు పైఅధికారి దాకా రాసే అభిప్రాయాలు నోటు ఫైలులో ఉంటాయి. నోటు రాసేవారు తాము ప్రస్తావించిన కాగితం కరెంటు ఫైలులో ఏ పుటలో ఉందో మార్జినులో చూపాలి. ముఖ్యమైన వాటికి ఫ్లాగు, అంటే అక్షరం వేసిన చిన్న చీటీ, తగిలించాలి. సంతకం పెట్టే అధికారి ఆ చీటీ పట్టుకొని అసలు కాగితం తీసి చూడవచ్చు గనుక, కింద ఎవరైనా అర్జీని తప్పుగా సంగ్రహించినా ఆ తప్పు పైమెట్టులో దొరికే అవకాశం ఉంటుంది. దుమ్ము పట్టిన ఫైళ్ల మీద వేళాకోళం ఆడేవారికి ఈ సుగుణం సాధారణంగా గుర్తురాదు.

అయితే ఆ సుగుణం ఆఫీసు గడప దాటి బయటికి రాదు. అర్జీదారుకు అందే ఉత్తరంలో "విషయం" అన్న చోట ఒక వాక్యం, "సూచిక" అన్న చోట పాత కాగితాల సంఖ్యలు, తేదీలు ఉంటాయి. ఆ సంఖ్యల వెనుక ఉన్న కాగితాలు ఆఫీసులోని వారికి చేతికందుతాయి గానీ, నెలల కిందట ఇచ్చిన అర్జీకి నకలు దాచుకోని మనిషికి, నిబంధనల ప్రకారం పరిశీలించడమైనదన్న వాక్యం తన ఏ కోరికకు జవాబో తేల్చుకునే దారి ఉండదు.

న్యాయస్థానాలు మాత్రం ఈ సందు మిగల్చలేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 8వ ఆర్డరు ప్రకారం, ప్రతివాది దావాలోని ఆరోపణలను ఒక్కొక్కటిగా ఎత్తుకొని జవాబు చెప్పాలి. గంపగుత్తగా అన్నీ అబద్ధమంటే చెల్లదు. డొంకతిరుగుడు తిరస్కారం పనికిరాదు. నిర్దిష్టంగా కాదనని అంశాన్ని ఒప్పుకున్నట్టే భావించే వీలుంది. హైకోర్టులో రిట్ పిటిషన్ పడినప్పుడు ప్రభుత్వ న్యాయవాదులు శాఖల నుంచి తెప్పించుకునే పేరావారీ రిమార్కులు ఈ క్రమశిక్షణకు దగ్గరి చుట్టాలే. కోర్టుకు పేరావారీగా రాయగలిగిన కార్యాలయం అర్జీదారుకు అలా రాయకపోతే దానికి చేతకానితనం కారణమని చెప్పలేము. అడిగేవారి బలాన్ని బట్టి జవాబు మారుతోందని మాత్రమే చెప్పాలి.

మూలాన్ని ఎదురుగా పెట్టుకొని రాయడం తెలుగు నేలకు కొత్త సంగతేమీ కాదు. మెదక్ సీమలోని కొల్చారంతో పేరు ముడిపడిన కోలాచల మల్లినాథ సూరి, కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ముందే మాట ఇచ్చాడు. పద్యం, దాని కింద ప్రతిపదార్థం, ఆ తర్వాత తాత్పర్యం వేసే తెలుగు అచ్చుపుస్తకాల అమరికలో, వ్యాఖ్యాత ఎక్కడ దారి తప్పాడో పాఠకుడు పుట తిప్పకుండానే పట్టుకోగలడు.

ఇదంతా ఎందుకు అవసరమో మనస్తత్వ శాస్త్రం వివరిస్తుంది. మనిషి ఒకే సమయంలో మనసులో పట్టి ఉంచుకోగల విషయాలు ఏడుకు అటూ ఇటూ అని జార్జ్ మిల్లర్ 1956లో రాయగా, అవి సుమారు నాలుగేనని నెల్సన్ కోవన్ 2001లో వాదించాడు. ఒకదానితో ఒకటి కలిపి చదవాల్సిన సమాచారం రెండు చోట్ల విడివిడిగా ఉంటే, వాటిని మనసులో కలుపుకోవడానికే శక్తి ఖర్చయి అసలు పని కుంటుపడుతుందని జాన్ స్వెల్లర్, ఆయన సహచరులు చూపించారు. దీన్ని అవధానం చీలిపోవడం అనవచ్చు. ఎనిమిది మంది పృచ్ఛకుల ప్రశ్నలను ధారణలో నిలుపుకొనే అష్టావధాని సభలో శోభిస్తాడు గానీ, రోజుకు పదుల అర్జీలు చూసే గుమస్తా నుంచి అలాంటి ధారణను ఆశించే వ్యవస్థను ఎవరూ మెచ్చుకోనక్కరలేదు.

కాగితం స్థానంలో తెర వచ్చాక, మూలం పక్కనే జవాబు ఉండే ఈ అమరిక కొన్నిచోట్ల నిలిచింది, కొన్నిచోట్ల చెదిరింది. జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన ఈ-ఆఫీసులో తెర ఒక సగంలో ఆకుపచ్చ నోటు పుట, మరో సగంలో ఉత్తరప్రత్యుత్తరాలు పక్కపక్కనే కనిపిస్తాయి. పాత రెండు భాగాల ఫైలును ఇంత చక్కగా తెర మీదికి తెచ్చినవారికి కార్యాలయ సంప్రదాయం బాగా తెలిసి ఉండాలి. వాట్సాప్‌లో ఒక సందేశాన్ని ఎంచుకొని బదులిస్తే ఆ సందేశం ముక్క జవాబు నెత్తిన కనిపించడం కూడా ఇదే సూత్రం. జవాబు రాసే పెట్టె తెరుచుకొని అర్జీ మొత్తాన్ని కప్పేసినప్పుడు, లేదా అర్జీ వేరే కిటికీలో తెరుచుకొని అటూ ఇటూ మారాల్సి వచ్చినప్పుడు మాత్రం రాసేవారు సారాంశం మీదే ఆధారపడతారు. చేతిరాత అర్జీని స్కాన్ చేస్తే అది బొమ్మగానే ఉంటుంది గనుక, అందులోని వాక్యాన్ని తీసి జవాబులో అతికించడం సాధ్యపడదు. నమోదు చేసేటప్పుడే కోరికలను అర్జీదారు మాటల్లో టైపు చేయించడం దీనికి సులువైన విరుగుడు. అలాగని వచ్చిన ఉత్తరమంతా జవాబు కింద తోకలా వేలాడదీయడమూ మేలు చేయదు. ఏ వాక్యానికి జవాబిస్తున్నారో ఆ వాక్యం వరకే పైన చూపితే చాలు.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాల్లో వెబ్ తెరల తయారీ నేర్చుకునే యువతలో కొందరు రేపు ఇలాంటి ప్రభుత్వ తెరలనే తయారుచేయవచ్చు. వారు అర్జీని ఎడమన, జవాబును కుడిన, ఒకదాన్ని కదిపితే రెండోది కదలని విధంగా అమర్చడం నేర్చుకుంటే మంచిది. అర్జీదారులు కోరికలకు వరుస సంఖ్యలు వేసి, ఇచ్చే ముందే ఒక జిరాక్స్ తీసి దాచుకోవాలి. ప్రభుత్వం చేయవలసింది వీరిద్దరి పనికన్నా చిన్నది: అర్జీలోని ప్రతి కోరికనూ యథాతథంగా పేర్కొని, దాని కిందనే జవాబు రాయాలని ఆదేశిస్తూ ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి.