వెలుతురుకు చెరువు కట్టిన బురద జీవులు

నల్లగండ్ల: వానచుక్క ఎక్కడ పడినా వాలు వెంట చెరువులోకి చేరాలి, అక్కడి నుండి తూముకు రావాలి. చెరువులు కట్టించిన పెద్దల లెక్క ఇది. ఇదే లెక్కతో సూర్యుని వెలుతురును పోగుచేసుకునే జీవులు చెరువు అడుగు బురదలోనే ఉన్నాయి. కంటికి కనిపించని ఈ బ్యాక్టీరియాపై, నల్లగండ్లకు ఆనుకొని ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి పరిశోధన జరిగింది.

పైరు పద్ధతి వేరు, వీటి పద్ధతి వేరు

వరి, జొన్న, చెట్టుచేమ ఎండలో నీటిని విడగొట్టి ప్రాణవాయువును విడిచిపెడతాయి. ఊదారంగు బ్యాక్టీరియా అలా చేయవు. గాలి ఆడని బురదలో కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును గాని, కుళ్ళిన పదార్థాల నుండి వచ్చే ఆమ్లాలను గాని ఇవి వాడుకుంటాయి. పైనున్న నాచు తనకు కావలసిన ఎర్రని, నీలి కిరణాలను ముందే పట్టేస్తుంది. నాచు వదిలేసిన, మన కంటికి కనిపించని పరారుణ కిరణాలే వీటికి ముఖ్యమైన ఆధారం.

ఉంగరంలో ఉంగరం

దొరికే వెలుతురే తక్కువ కనుక దానిని వృథా పోనివ్వకూడదు. అందుకు ఇవి మాంసకృత్తులతో ఉంగరాలు అల్లుకుంటాయి. ఒక జాతి బ్యాక్టీరియాలోని చిన్న ఉంగరం నిర్మాణాన్ని బ్రిటన్‌లోని గ్లాస్గోకు చెందిన శాస్త్రజ్ఞులు కాగ్డెల్, ఐజాక్స్ బృందం 1995లో వెల్లడించింది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఈ ఉంగరం వెడల్పు సుమారు ఏడు భాగాలు. అందులో తొమ్మిది జతల మాంసకృత్తులు నిలబడి ఉంటాయి. వాటి మధ్య 27 పత్రహరితం అణువులు రెండు అంతస్తులుగా అమరి ఉంటాయి. ఒక అంతస్తులో 9, మరొక అంతస్తులో 18.

తొమ్మిది అణువులు పట్టిన శక్తి పద్దెనిమిది ఉన్న అంతస్తుకు దిగుతుంది. అక్కడి నుండి ప్రక్కనున్న పెద్ద ఉంగరానికి, దాని నడుమనున్న కేంద్రానికి చేరుతుంది. పెద్ద ఉంగరం వరకు ఒక్కొక్క మెట్టు ముందుదానికన్నా కొంచెం పల్లం కనుక శక్తి నీటివలెనే క్రిందికి జారుతుంది. నడిమి కేంద్రమే తూము. వెలుతురు అక్కడ జీవికి పనికివచ్చే శక్తిగా మారుతుంది. ఈ కేంద్రం నిర్మాణాన్ని కనుగొన్నందుకు జర్మనీ శాస్త్రజ్ఞులు డైజెన్‌హోఫర్, హూబర్, మిషెల్‌లకు 1988లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇదంతా ఎంత వేగంగా జరుగుతుందో చూడండి. సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే, పట్టిన శక్తి సుమారు వెయ్యి భాగాల గడువులోగా కేంద్రానికి చేరాలి. లేకుంటే వేడిగా పోతుంది. ఉంగరాల అమరిక వల్ల ఆ ప్రయాణం దాదాపు వంద భాగాలలోనే ముగుస్తుంది. అందుకే పట్టిన వెలుతురులో చాలా భాగం దక్కుతుంది.

మబ్బు పట్టినా ఇబ్బంది లేదు

వెలుతురు తగ్గితే ఈ బ్యాక్టీరియా చిన్న ఉంగరాలను మరిన్ని కట్టుకుంటాయి. వాన తక్కువైన చోట చెరువుకు మరికొన్ని వాగులు మళ్ళించినట్లన్న మాట. ఆకుపచ్చ గంధక బ్యాక్టీరియా అనే మరో రకం ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఇవి మాంసకృత్తుల ఆసరా పెద్దగా లేకుండానే రెండు లక్షల దాకా పత్రహరితం అణువులను ఒకే సంచిలో చుట్టి పెట్టుకోగలవు. నల్ల సముద్రంలో సుమారు వంద మీటర్ల లోతున, ఒక్కొక్క అణువుకు కొన్ని గంటలకొక కిరణపు కణం మాత్రమే అందే చీకటిలో, ఈ రకం బ్రతుకుతున్నది.

భీమిలి, కాకినాడ పేర్లు

హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన సి.హెచ్. వెంకటరమణ, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన సి.హెచ్. శశికళ బృందాలు ఇటువంటి కొత్త జాతులను ఎన్నింటినో వెలికితీశాయి. 2007లో ప్రకటించిన వాటిలో ‘మారిక్రోమాటియం భీమ్లికం’ ఒకటి. అది సముద్రపు నీటితో పెంపకం సాగే చెరువులో దొరికింది. ‘థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్’, ‘రోజియోస్పైరా విశాఖపట్నమెన్సిస్’ కూడా ఆ ఏడాదివే. మన ఊళ్ళ పేర్లు ఇలా ప్రపంచ శాస్త్ర గ్రంథాలకు ఎక్కాయి.

రొయ్యల రైతులకు ఈ జీవులు కొత్త కాదు. మిగిలిన మేత చెరువు అడుగున కుళ్ళితే పుట్టే విషవాయువు రొయ్యలకు చేటు. దానిని తినే బ్యాక్టీరియాను కొని చెరువులలో చల్లడం కోస్తాలో వాడుకలో ఉన్నది.

పూడిస్తే పోయేది నీరే కాదు

2025 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయం ప్రక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఆనాడు నెమళ్ళు, జింకల గురించి ఊరూవాడా మాట్లాడుకున్నది. కుంటల అడుగు బురద మాట ఎత్తినవారు తక్కువ. చెరువు శిఖంలో మట్టి పోస్తే వెలుతురు అందక ఈ జీవులు నశిస్తాయి. పేరైనా పెట్టకముందే పోయేవి వాటిలో ఎన్నో ఉండవచ్చు.

బడిపిల్లలు వీటిని కళ్ళారా చూడవచ్చు. గాజు సీసాలో చెరువు బురద, చింపిన కాగితం, కాస్త ఉడికిన గుడ్డు పచ్చసొన, పైన చెరువు నీరు పోసి, మూత వదులుగా పెట్టి, వెలుతురు వచ్చే కిటికీ దగ్గర ఉంచాలి. కొన్ని వారాలకు బురదలో ఊదా, ఆకుపచ్చ చారలు కనిపిస్తాయి. వాసన ఘాటుగా ఉంటుంది కనుక సీసాను గాలి ఆడే చోట ఉంచడం మంచిది.