రేడియో తరంగాలు: ప్రజలందరి ఉమ్మడి ఆస్తి

భూమి, నీరు, అడవి, ఖనిజం ప్రకృతి సంపదలన్న సంగతి బడిపిల్లలకు సైతం తెలుసు. ఈ వరుసలో చేర్చవలసినదే అయినా, కంటికి కనబడని కారణంగా మనం తరచు మరచిపోయే సంపద మరొకటి ఉన్నది. అది రేడియో తరంగాల సముదాయం. ఆకాశవాణి వార్తలు, విమాన చోదకునికి అందే సూచనలు, సముద్రం మీది పడవకు చేరే తుఫాను హెచ్చరిక, పోలీసు వైర్‌లెస్, మొబైల్ ఫోను సంభాషణ అన్నీ ఈ తరంగాల మీదనే ప్రయాణిస్తాయి. ఈ సంపద ఎవరిది? దానిని ఎవరు, ఏ నియమం ప్రకారం పంచిపెట్టాలి? మన దేశం చట్టాల ద్వారా, న్యాయస్థానాల తీర్పుల ద్వారా, అనుభవం ద్వారా ఈ ప్రశ్నలకు సమాధానం వెదుక్కుంటూ వచ్చింది.

ఈ సంపద స్వభావం

రేడియో తరంగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పయనిస్తుంది. ఒక సెకనులో అది ఎన్ని పర్యాయాలు డోలనం చెందుతుందో ఆ సంఖ్యకు పౌనఃపున్యం అని పేరు. సెకనుకు పది లక్షల డోలనాలు జరిగితే దానిని ఒక మెగాహెర్ట్జ్ అంటారు. ఉపయోగించదగిన పౌనఃపున్యాల మొత్తం శ్రేణికే స్పెక్ట్రమ్ అని వ్యవహారం. ఇందులో అన్ని భాగాలూ ఒకే విలువ గలవి కావు. తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు దూరం పోతాయి. గోడలను సైతం దాటుకొని లోపలికి చొరబడతాయి. ఎక్కువ పౌనఃపున్యం గల శ్రేణులు సమాచారాన్ని విస్తారంగా మోయగలవు గాని, కొద్ది దూరంలోనే క్షీణిస్తాయి. అందుచేత 700 మెగాహెర్ట్జ్ శ్రేణి పల్లెలను కలపడానికి అనువైనది కాగా, 26,000 మెగాహెర్ట్జ్ శ్రేణి జనసమ్మర్దం గల నగర కూడళ్ళకు అనువైనది.

బొగ్గు తవ్విన కొద్దీ తరుగుతుంది. తరంగాలకు ఆ తరుగు లేదు. నిన్న వాడిన పౌనఃపున్యం నేడూ అంతే స్వచ్ఛంగా లభిస్తుంది. పోనీ, రేపటి కోసం దాచుకుందామంటే అదీ సాధ్యం కాదు. వాడుకోని గడియ వృథా అయినట్లే. పైగా ఒకే చోట, ఒకే సమయంలో, ఒకే పౌనఃపున్యంపై ఇద్దరు బలంగా ప్రసారం చేస్తే ఇద్దరి మాటా వినబడదు.

పూర్వం మన పల్లెలలో చెరువు నీటిని ఆయకట్టు రైతులకు వంతులవారీగా వదలడానికి నీరటికాడు ఉండేవాడు. తూము ఎవరికి వారే ఎత్తుకుంటే ఎగువ మడి మునిగేది, దిగువ మడి ఎండేది. తరంగాల విషయంలో తూము వద్ద నిలువవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ఈ కాపలా ఎంత అవసరమో ఒక్క ఉదాహరణ చాలు. ఎఫ్.ఎం. రేడియో 108 మెగాహెర్ట్జ్ వద్ద ముగుస్తుంది. ఆ వెంటనే విమానాలకు దారి చూపే సంకేతాల శ్రేణి, 118 నుంచి 137 వరకు పైలట్ల సంభాషణ శ్రేణి ఉన్నాయి. అనుమతి లేకుండా, సరిగా అమర్చకుండా నడిపే ఎఫ్.ఎం. ప్రసారిణి నుంచి వెలువడే అవాంఛిత తరంగాలు దిగుతున్న విమానానికి ముప్పు తేగలవు.

సరిహద్దులెరుగని తరంగాలు

ఒకప్పుడు కొలంబో నుంచి రేడియో సిలోన్ ప్రసారం చేసిన పాటలు తెలుగు ఇళ్ళలో వినబడేవి. తరంగాలకు దేశాల ఎల్లలు లేవు. కనుక దేశాల నడుమ ఒడంబడిక తప్పనిసరి. 1865లో పారిస్‌లో తంతి వ్యవస్థ కోసం ఏర్పడిన సంస్థే నేటి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్. భారతదేశం 1869 నుంచి ఇందులో సభ్యురాలు. రేడియో వినియోగానికి తొలి అంతర్జాతీయ నియమాలు 1906లో బెర్లిన్ సమావేశంలో రూపొందాయి. ప్రపంచాన్ని 3 ప్రాంతాలుగా విభజించి, ఏ శ్రేణి ఏ సేవకు చెందాలో ఈ సంస్థ నిర్ణయిస్తుంది. మన దేశం మూడవ ప్రాంతంలో ఉన్నది. కొన్ని సంవత్సరాలకొకసారి ప్రపంచ రేడియో సమావేశం ఈ నియమాలను సవరిస్తుంది. 2023 సమావేశం దుబాయ్‌లో జరిగింది.

ఈ నియమాలలో ఒకటి ప్రత్యేకంగా పేర్కొనదగినది. 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ వరకు గల శ్రేణిలో ఎవరూ ప్రసారం చేయరాదు. అంతరిక్షంలోని హైడ్రోజన్ వాయువు నుంచి వెలువడే అతి సున్నితమైన సంకేతం ఈ శ్రేణిలోనే ఉన్నది. పుణె సమీపంలోని ఖోడద్ వద్ద 45 మీటర్ల వ్యాసం గల 30 పళ్ళేలతో నిర్మించిన రేడియో దూరదర్శిని వంటి పరిశోధనశాలలకు ఇట్టి నిశ్శబ్దమే ప్రాణాధారం.

మన చట్టాలు, మన సంస్థలు

1885 నాటి భారత టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఎంతోకాలం ఈ రంగానికి పునాదులుగా నిలిచాయి. ఇంట్లో రేడియో పెట్టె ఉంచుకోవాలన్నా లైసెన్సు తీసుకొని, తపాలా కార్యాలయంలో ఏటా రుసుము చెల్లించిన రోజులను పెద్దలు నేటికీ గుర్తు చేసుకుంటారు. 1980ల మధ్యకాలంలో ఆ పద్ధతి రద్దయింది.

మన దేశంలో ఈ బాధ్యత ఒకే సంస్థ చేతిలో లేదు. పౌనఃపున్యాల ప్రణాళిక, కేటాయింపు పనిని కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖకు చెందిన వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగం చూస్తుంది. ఇది 1952లో ఏర్పడింది. రక్షణ దళాలు, రైల్వేలు, అంతరిక్ష శాఖ, ప్రసార సంస్థలు, మొబైల్ కంపెనీలు ఏ శ్రేణులలో పనిచేయాలో జాతీయ పౌనఃపున్య ప్రణాళిక నిర్దేశిస్తుంది. హైదరాబాదు, విశాఖపట్నం సహా పలు నగరాలలోని పర్యవేక్షణ కేంద్రాలు ఎవరు ఏ పౌనఃపున్యంపై ప్రసారం చేస్తున్నారో గమనిస్తూ, అక్రమ ప్రసారాల జాడ తీస్తాయి. అనుమతి లేకుండా ఇంటిపై అమర్చే మొబైల్ సంకేత వర్ధకం ఇరుగుపొరుగు వారి ఫోన్లకు సైతం అంతరాయం కలిగిస్తుంది.

1997లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన భారత టెలికం నియంత్రణ ప్రాధికార సంస్థ, అనగా ట్రాయ్, స్పెక్ట్రమ్ ధర, షరతులు, కేటాయింపు పద్ధతులపై ప్రభుత్వానికి సిఫారసు చేస్తుంది. సిఫారసుకు ముందు చర్చాపత్రాన్ని ప్రకటించి, ప్రజాభిప్రాయాన్ని ఆహ్వానిస్తుంది. వివాదాల పరిష్కారానికి 2000లో ప్రత్యేక ట్రిబ్యునల్ ఏర్పాటయింది.

యజమాని ఎవరు?

1993లో ఒక క్రికెట్ పోటీల ప్రసార హక్కుపై తలెత్తిన వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. 1995 ఫిబ్రవరి 9న వెలువడిన తీర్పులో న్యాయస్థానం రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని ప్రకటించింది. వాటి వినియోగాన్ని ప్రజాప్రయోజనం దృష్ట్యా ఒక ప్రజాసంస్థ నియంత్రించాలనీ, భావప్రకటన స్వేచ్ఛలో శ్రోతల హక్కు కూడా ఇమిడి ఉన్నదనీ పేర్కొన్నది. ధర్మాసనంలోని తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి వేరుగా వ్రాసిన తీర్పులో, ప్రభుత్వ గుత్తాధిపత్యం వలెనే ప్రైవేటు గుత్తాధిపత్యమూ ప్రజాస్వామ్యానికి హితం కాదని హెచ్చరించారు.

ఈ సూత్రం ఫలితం తెలుగు నేల మీదనే కనబడింది. జహీరాబాద్ సమీపంలోని మాచ్నూరు గ్రామంలో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారాలు ప్రారంభించింది. అక్కడ స్టూడియో 1998 నాటికే సిద్ధమైనా, చట్టబద్ధంగా ప్రసారం చేయడానికి పదేళ్ళు వేచి ఉండవలసి వచ్చింది. 2006 నాటి విధానం స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో అవకాశం కల్పించిన మీదటనే ఆ తలుపు తెరుచుకున్నది. చిరుధాన్యాలు, విత్తనాలు, పాటలు, తమ యాసలో తమ మాటలు ఆ స్వల్పశక్తి ప్రసారిణి ద్వారా చుట్టుపక్కల పల్లెలకు చేరాయి.

వేలమా, కేటాయింపా?

అందరిదైన ఆస్తిని కొందరికి అప్పగించేటప్పుడు న్యాయమైన పద్ధతి ఏది? 2008లో ముందు వచ్చినవారికి ముందు అనే పద్ధతిలో, 2001 నాటి ధరలకే మొబైల్ లైసెన్సులు మంజూరయ్యాయి. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు వాటిలో 122 లైసెన్సులను రద్దు చేసింది. ఈ లోగా 2010లో మూడవ తరం సేవలకు జరిగిన వేలం 34 రోజులు, 183 దఫాలు సాగి ఖజానాకు సుమారు 67,700 కోట్ల రూపాయలు సమకూర్చింది. అయితే ప్రకృతి వనరులన్నిటికీ వేలమొక్కటే మార్గం కాదని, 2012 సెప్టెంబరు 27న రాష్ట్రపతి కోరిన అభిప్రాయానికి సమాధానంగా రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది.

వేలానికి కూడా పరిమితులున్నాయి. కనీస ధర మరీ హెచ్చుగా ఉన్నందున విలువైన 700 మెగాహెర్ట్జ్ శ్రేణిని 2016లోనూ, 2021లోనూ ఎవరూ కొనలేదు. ధర తగ్గించిన పిమ్మట 2022లో అందులో కొంత భాగం అమ్ముడయింది. ఆ సంవత్సరపు వేలం మొత్తం సుమారు 1.5 లక్షల కోట్ల రూపాయలు. వాడుక లేని తరంగం వల్ల ఖజానాకు గాని, పల్లెకు గాని ఒరిగేదేమీ లేదు. చౌకగా ఇస్తే అస్మదీయులకు కట్టబెట్టారన్న అనుమానం, హెచ్చు ధర పెడితే సంపద నిరుపయోగమయ్యే ప్రమాదం. నియంత్రణ సంస్థ ఈ రెంటి నడుమ దారి వెదకవలసి ఉన్నది.

ధర కట్టలేని సేవలు

2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం 2024 జూన్ 26 నుంచి దశలవారీగా అమలులోకి రాసాగింది. కేంద్ర ప్రభుత్వం ప్రజల తరఫున మాత్రమే స్పెక్ట్రమ్‌కు యజమాని అని ఈ చట్టం చెబుతుంది. వేలమే సాధారణ పద్ధతి. కాని దేశరక్షణ, విపత్తు నివారణ, వాతావరణ సూచన, ప్రజా ప్రసారాలు, కొన్ని ఉపగ్రహ సేవలు వంటి వాటికి నేరుగా కేటాయించవచ్చు. సరైన కారణం లేకుండా వాడకుండా ఉంచిన స్పెక్ట్రమ్‌ను వెనుకకు తీసుకొనే అధికారం కూడా ఇందులో ఉన్నది.

వేలంలో పాడుకోలేని సేవల విలువ 2004 డిసెంబరు 26న రుజువయింది. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పంపిన బృందం అప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నది. సునామీ ధాటికి ఇతర సంబంధాలు తెగిపోగా, ఆ ఔత్సాహికులు తమ రేడియోల ద్వారా అండమాన్, నికోబార్ దీవుల వార్తలను ప్రధాన భూభాగానికి చేరవేశారు. అటువంటివారి కోసం కొన్ని శ్రేణులను ప్రత్యేకించి ఉంచడం వల్లనే అది సాధ్యమయింది. అట్లే 2005లో 2,400 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని ఒక శ్రేణిని స్వల్పశక్తి పరికరాలకు లైసెన్సు లేకుండా వదలినందున, నేడు విద్యార్థి తన కళాశాల గ్రంథాలయంలో వై-ఫై వాడుకోగలుగుతున్నాడు.

కొంత వేలానికి, కొంత నేరు కేటాయింపునకు, కొంత అందరి స్వేచ్ఛకు, కొంత కేవలం నిశ్శబ్దానికి: స్పెక్ట్రమ్ పంపకం స్థూలంగా ఇదే. ఈ భాగాల నిష్పత్తి సాంకేతిక నిపుణులు మాత్రమే తేల్చవలసిన లెక్క కాదు. ధర్మకర్త లెక్కలను ఆస్తి హక్కుదారులు అడిగి చూడాలి. ట్రాయ్ చర్చాపత్రాలు ఎవరైనా చదువవచ్చు, ఎవరైనా సమాధానం వ్రాయవచ్చు. ఆ అవకాశాన్ని కంపెనీలకు మాత్రమే వదలివేయకుండా, తమ గ్రామానికి, తమ భాషకు, తమ సముద్రతీరానికి ఏ వాటా కావాలో పౌరులు స్వయంగా చెప్పనారంభించినప్పుడు ప్రజల ఆస్తి అన్న మాట చట్టంలో నుంచి ఆచరణలోకి వస్తుంది.