అమ్మ గుండెలో తేనెటీగ

పిల్లలూ! తేనెటీగ కుడితే బాధ ఎవరికి? “కుట్టించుకున్నవాడికే!” అంటారు మీరు. నిజమే. కాని ఒక్కొక్కప్పుడు వాడి బాధ రెండు రోజుల్లో తీరిపోతుంది, అమ్మానాన్నల బాధ మాత్రం నెలల తరబడి తీరదు. ఎందుకో చూద్దాం.

మా బడిలో ఎనిమిదో తరగతి అబ్బాయిని మామిడితోటలో తేనెటీగ కుట్టింది. అంతకుముందు ఏడాది కుట్టినప్పుడు చెయ్యి కొంచెం వాచి తగ్గిపోయింది. ఈసారి పది నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, పెదవులు వాచాయి, ఊపిరాడలేదు. వెంటనే ఆసుపత్రికి చేర్చారు కనుక బతికాడు. మూడోనాటికి బడికి వచ్చేశాడు.

కాని వాళ్ళ నాన్న పెరట్లో బంతిమొక్కలన్నీ పీకేశాడు. వాళ్ళమ్మ రోజూ మధ్యాహ్నం బడి గేటు దగ్గర నిలబడేది. “మాస్టారూ, ఈగ వాలినా నా గుండె దడదడలాడుతోందండి. రాత్రిళ్ళు లేచి, వాడు ఊపిరి తీస్తున్నాడో లేదో చూసుకుంటున్నాను” అంది.

ముందు అబ్బాయి సంగతి. తేనెటీగ విషంలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. కొందరి శరీరం వాటి మీదికి అవసరానికి మించి యుద్ధానికి దిగుతుంది. ముందు కుట్టినప్పుడే ఐ.జి.ఇ. అనే ప్రతిరక్షకాలను తయారుచేసి ఉంచుకుంటుంది. మళ్ళీ కుట్టగానే హిస్టమిన్ వంటి రసాయనాలు ఒక్కసారిగా వెలువడతాయి. రక్తనాళాలు వదులై రక్తపీడనం పడిపోతుంది. శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. దీనినే ఎనాఫిలాక్సిస్ అంటారు. దీనిపై పరిశోధనలకే ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక అమ్మ సంగతి. భయం వేసినప్పుడు, మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, ఒళ్ళు అప్రమత్తమవుతుంది. పాము ఎదురైనప్పుడు ఇది మేలే. కాని ఎగిరే ప్రతి ఈగకూ ఈ గంట మోగుతుంటే నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఊరికే చిరాకు వస్తుంది.

తమాషా చూడండి! డాక్టరుగారు అబ్బాయి తొడ కండరంలోకి ఇచ్చిన ఇంజక్షను కూడా ఎడ్రినలినే! అది వదులైన రక్తనాళాలను బిగించింది, బిగుసుకున్న శ్వాసనాళాలను వదులు చేసింది. అమ్మ గుండెను దడదడలాడించే పదార్థమే బిడ్డ ప్రాణం నిలబెట్టింది.

మరి అమ్మ భయానికి మందేది? మేము డాక్టరుగారిని బడికి పిలిచి, ఏం చెయ్యాలో ఒక అట్టమీద రాయించుకున్నాం. చర్మంలో దిగిన ముల్లును వెంటనే తీసెయ్యాలి. ఆ అబ్బాయిని నడిపించకూడదు, పడుకోబెట్టాలి. ఊపిరి కష్టమైతే కూర్చోబెట్టాలి. దద్దుర్లో, ఆయాసమో కనిపిస్తే క్షణం ఆగకుండా 108కి ఫోన్ చెయ్యాలి. తరగతిలో అందరూ దీన్ని నేర్చుకున్నారు. ఒకరోజు వాళ్ళమ్మ వచ్చి, పిల్లలు గడగడా ఒప్పజెబుతుంటే విని వెళ్ళింది. ఆ మర్నాటినుంచి గేటు దగ్గరికి రాలేదు. రాత్రి లేవడం మాత్రం ఇంకా పూర్తిగా మానలేదట!

అందుకని ఒక మాట. అమ్మ కంగారుపడుతుందని, కుట్టిన సంగతి ఎప్పుడూ దాచకండి. తెలియని ప్రమాదంకంటే తెలిసిన ప్రమాదమే ఆమెకు తేలిక. మీ స్నేహితుల్లో ఎవరికైనా ఈ ఎలర్జీ ఉంటే, ఏం చెయ్యాలో మీరూ నేర్చుకోండి. మీకు తెలుసని వాళ్ళమ్మకు చెప్పండి.